వంకాయ చెట్టు ఎక్కడ పోస్తుంది?

ఖాదర్‌బీ ఇరవై ఏళ్లు తాండూరులో నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పనిచేసి, మోకాళ్లు మొరాయించాక అర ఎకరంలో వంకాయ తోట వేసింది. ఎవరేం చెప్పినా అక్షరాలా పాటించే మనిషి. కళ్ల డాక్టరు పచ్చటివి చూస్తుండమంటే వారం రోజులు సొరకాయను ఎదురుగా పెట్టుకుని కూర్చుంది.

ఆమెకో మేకపోతు ఉంది, పేరు నవాబు. కిందటేడు ఓ పొద్దున పక్క చేను మల్లప్ప వచ్చి ఆమె వంకాయ మొక్కలకు పురుగుల మందు కొట్టిపోయాడు. ఆయన అటు వెళ్లగానే నవాబు తాడు తెంపుకుని తడి ఆకులు మేసింది. కాసేపటికి నోటి నుంచి చొంగ ధార కట్టింది, కాళ్లు వణికాయి. ఖాదర్‌బీ దాన్నీ, మందు డబ్బానూ ఆటోలో వేసుకుని పశువుల ఆస్పత్రికి పోయింది.

డాక్టర్ జ్యోతిరాణి డబ్బా చదివి సూది వేసింది.

"ఇది కార్బమేట్ మందమ్మా. నరాలను కొంతసేపు పట్టి, మళ్లా వదిలేస్తది. జల్ది తెచ్చిన్రు, మంచిదైంది. కార్జం, అదే లివరు, మందును ముక్కలు చేస్తది, రేపటికల్లా చాలావరకు ఉచ్చల పోతది. మంచిగ పోస్తదో లేదో జర చూడుండ్రి."

ఇంటికి రాగానే ఖాదర్‌బీ పీట వేసుకుని నవాబు వెనక కూర్చుంది. పోసినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో ఓ గీత గీసింది. నవాబు మొహమాటపడి అటు తిరిగితే, పీటతో సహా ఆమే అటు జరిగింది. తెల్లారేసరికి తొమ్మిది గీతలయ్యాయి. నవాబు లేచి ఆమె కొంగు నమలడం మొదలుపెట్టింది.

సంతోషం పట్టలేక మళ్లీ ఆస్పత్రికి వెళ్లింది. చెప్పాల్సిందంతా చెప్పాక ఒక అనుమానం అడిగింది. "మేక పోసింది, బతికింది. మరి వంకాయ చెట్టు ఏడ పోస్తది, డాక్టరమ్మా?"

జ్యోతిరాణికి నవ్వు ఆగలేదు. "చెట్టుకు గా సౌలత్ లేదు. అది గూడ మందును దినాల మీద మెల్లగ విరగ్గొడ్తది గానీ, బయటికి పంపలేదు. గా ముక్కలకు చక్కెర అంటించి తన లోపల్నే దాచుకుంటది. గందుకే డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగినంకనే కాయ తెంపాలె."

"చెట్టుకు చక్కెరా? నాకేమో షుగరని బంద్ చేసిన్రు," అంది ఖాదర్‌బీ నొచ్చుకుంటూ.

సాయంత్రం మల్లప్ప వచ్చాడు. "కాయలు నిగనిగలాడుతున్నయి బీబీ. రేపు తెంపుదామా?"

"వద్దు తమ్మి. మేక పోసింది గానీ, చెట్లు ఉచ్చ పోయవు. ఆగాలె."

మల్లప్ప చెట్ల వంక, ఆమె వంక చూసి, ఇంటికి వెళ్లి భార్య సుమిత్రమ్మకు చెప్పాడు. ఖాదర్‌బీకి మతి చెడిందని మర్నాటికి వాడంతా పాకింది. ఒకరు తాయెత్తు తెచ్చారు. ఇంకొకరు నిమ్మకాయ తెచ్చారు. ఖాదర్‌బీ ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి, గోడ మీది గీతలు చూపించి, కార్జం నుంచి చక్కెర దాకా చెప్పింది. నాలుగో రోజుకి తాయెత్తు తెచ్చిన మనిషే ఇతరులకు చెప్పసాగింది. మల్లప్ప ఇంటికి పోయి తన చిక్కుడు మందు డబ్బాను మొదటిసారి పూర్తిగా చదివించుకున్నాడు.

గడువు దాటాక ఖాదర్‌బీ ముదిరిన కాయలు పారేసి, లేతవి గంపకెత్తింది. బజారులో ఒకామె అడిగింది, "మందు కొట్టినవా?"

"కొట్టిన," అని తేదీ చెప్పింది. మందే కొట్టలేదని అందరూ అనే చోట ఆ మాట విని ఆమె రెండు కిలోలు తీసుకుంది. పది గంటలకు గంప ఖాళీ.

ఇప్పుడు మల్లప్ప కూడా చిక్కుళ్లతో ఖాదర్‌బీ పక్కనే కూర్చుంటాడు. మందు కొట్టిన తేదీ తను చెప్పి, మిగతాది బీబీని అడగమంటాడు. అడిగినవాళ్లకు ఆ పూట వంట ఆలస్యమే.