కళింగపట్నంలో తుప్పు వదిలిన రోజు

నేను సముద్రానికి బయల్దేరింది స్నానానికి కాదు, ఐసు పెట్టె మొయ్యడానికి. మా అక్క కూతురు సుజాత విజయనగరంలో కాలేజీ లెక్చరరు. వ్యాయామం చేసినప్పుడు ఒంటి లోపల ఏం జరుగుతుందన్న దాని మీద పరిశోధన చేస్తోంది. కళింగపట్నంలో ఒడ్డు మీంచి వల లాగేవాళ్ల రక్తం, లాగక ముందొకసారి, లాగాక ఒకసారి తియ్యాలి. పోయిన నెల వెళ్లి అడిగితే వాళ్లు సరేనన్నారు. రేపటి నుంచే సగంమంది గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లిపోతారు. ఇవాళ తప్పితే ఆమె రెండేళ్ల శ్రమ నడిమధ్యలో ఆగిపోతుంది.

"పెట్టె మొయ్యి చాలు మావయ్యా, నోరు మాత్రం విప్పకు" అని ముందే ఒప్పందం చేసుకుంది. నాలాంటివాడికి పెట్టె కంటే ఆ ఒప్పందమే బరువు.

పొద్దున్నే పలాస ప్యాసింజర్ ఎక్కాం. కూర్చోడానికి చోటు దొరికింది. కిటికీ బయట పొగమంచులో వరి మళ్లు జారిపోతుంటే సుజాత నాకు పాఠం మొదలుపెట్టింది.

"ఆక్సిజన్ లేకపోతే బతకం. కానీ అదే ఆక్సిజన్‌తో ఒళ్లు తిండిని మండించుకునేటప్పుడు కొన్ని నిప్పురవ్వలు ఎగురుతాయనుకో. అవి మన కణాల్నే కాలుస్తాయి. ఇనుముకి తుప్పు పట్టినట్టు అనుకున్నా సరే. దాన్నే ఆక్సీకరణ ఒత్తిడి అంటాం."

"కష్టపడితే రవ్వలు ఎక్కువవుతాయి కదా? అయితే పడుకున్నవాడే తెలివైనవాడు!"

ఎదురు సీట్లో వంకాయల బుట్ట పెట్టుకున్న రైతు ఒకాయన ఉత్సాహంగా ముందుకు వంగాడు. "బావూ, ఈ మాట మా ఇంటికొచ్చి మా ఆడదానికోపాలి సెప్పాల!"

సుజాత ఇద్దర్నీ కలిపి కోప్పడింది. రోజూ మోతాదుగా కష్టపడేవాడి ఒళ్లు ఆ రవ్వల్ని ఆర్పడం నేర్చుకుంటుందట. ఆర్పే సరుకును తనే ఎక్కువగా తయారుచేసుకుంటుందట. ఏనాడూ కదలనివాడు ఒక్కసారిగా ఎగబడితే మాత్రం ఆర్పుకోలేక చతికిలబడతాడు.

"మరి రవ్వల్ని ఆర్పేస్తాయని టీవీలో చూపించే ఆ బిళ్లలు మింగేస్తే?"

"బిళ్లలే అతిగా ఆర్పేస్తుంటే ఒళ్లు నేర్చుకోవడం మందగించవచ్చు. ఆకుకూరలు, పళ్లు తిను, చాలు."

ఆమదాలవలసలో దిగి, ఆటోలో శ్రీకాకుళం బస్సు కాంప్లెక్స్‌కి వెళ్లి, వేడి ఇడ్లీలు తిని కళింగపట్నం బస్సెక్కాం. దూరం నుంచి వచ్చేవాళ్లు ముందురోజే వచ్చి అరసవల్లి లాడ్జీల్లో దిగితే హాయి. ఆదివారం మాత్రం వద్దు, సూర్యుడి గుడికి వచ్చే ఆటోలతోనే రోడ్డు నిండిపోతుంది.

అరసవల్లి దాటాక సుజాత కునుకు తీసింది. నా పక్కన ఖాళీ సత్తు బేసిన్లతో ఒకావిడ కూర్చుంది. పేరు అసిరమ్మ. పొద్దున్నే చేపలు అమ్మేసి ఇంటికి పోతోంది.

"ఆ పెట్టిలోనేటి బావూ?" అంది.

ఒప్పందం కునుకులో ఉంది కదా అని నేను నోరు విప్పాను. మనుషుల ఒంట్లో తుప్పు కొలిచే సామానని చెప్పాను. విజయనగరంలో ఒకాయన ఒంట్లోంచి కుంచెడు తుప్పు తీస్తే ఆయన దాంతో గుమ్మాలకి రంగు వేయించుకున్నాడన్నాను. ఆవిడ నవ్వలేదు. నా కథకు నవ్వు రాకపోతే నేను ఇంకో మెట్టు ఎక్కుతాను. "తుప్పు ఎక్కువున్నోడిని వల తాడు మీంచి తప్పించమని ఆర్డరు కూడా వచ్చింది" అనేశాను.

అసిరమ్మ బేసిన్లు సర్దుకుని, ఊరు రాకముందే తలుపు దగ్గరికి పోయి నిలబడింది.

బస్సు దిగి మేం టీ తాగేలోగా ఆవిడ నా ఆర్డరు కబురు మోసుకుని ఒడ్డుకు చేరిపోయింది. మేం వెళ్లేసరికి ఎండుచేపల వాసన, అలల చప్పుడు, తాడు పట్టుకుని బిగుసుకుపోయిన రెండు వరసల మనుషులు. పడవ వల వేసి వచ్చేసింది. ఇక ఒడ్డు నుంచి రెండు తాళ్లూ లాగాలి. సుజాత సూది తియ్యగానే అందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

వరస చివర ఒక ముసలాయన ఉన్నాడు. ఎర్రన్న, అసిరమ్మ మామగారు. అక్కడి కట్టుబాటు ఏమిటంటే, తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో వాటా. ఎంత బలంగా లాగాడని ఎవరూ అడగరు. ఎర్రన్నకు బతుకూ మర్యాదా ఆ తాడులోనే ఉన్నాయి.

"నా తుప్పు నాకాడే ఉండనీయమ్మా. నాను తాడొగ్గను" అన్నాడాయన. వదిలేది లేదన్నట్టు తాడును నడుముకు ఆనించుకున్నాడు.

సుజాత నావైపు చూసింది. ఆ చూపుకి మంచు కూడా కాలుతుంది. నేను ముందుకెళ్లి, ఆర్డరూ లేదు, కుంచెడు తుప్పూ లేదు, అన్నీ నేను కల్పించినవేనని గట్టిగా చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు.

"ఇందాకటిదబద్దమో ఇదబద్దమో మాకేటెరిక?" అంది అసిరమ్మ. "ముందు నీ రగతం తియ్యనీ. నువ్వు లాగు. మళ్లీ తియ్యనీ. ఏటౌతాదో సూద్దుం."

సరేనన్నాను. సుజాత సూది పొడిచింది. తాడు పట్టాను.

ఆ పని చూడ్డానికి ఎంత బాగుంటుందో! నడుముకు తాడు ఆనించి, సముద్రం వైపు మొహం పెట్టి, అందరూ ఒక్క అడుగుగా వెనక్కి నడుస్తారు. వెనక చివరికి చేరినవాడు తాడు వదిలి, ఖాళీ చేతులతో మెల్లగా నీళ్ల దాకా నడిచి మళ్లీ ముందు పట్టుకుంటాడు. ఎవరూ రొప్పరు, ఎవరూ తొందరపడరు. ఎర్రన్న ఎముకల గూడులా ఉన్నా ఆయన అడుగు ఒక్కసారీ తప్పలేదు.

నేను మాత్రం మగతనం చూపించాలనుకున్నాను. వెనక చివరికి వచ్చాక ఖాళీ చేతులతో మెల్లగా నడవడం నామోషీ అనిపించి, పరుగెత్తుకెళ్లి ముందు పట్టుకున్నాను. అలా కొన్నిసార్లు పరుగెత్తేసరికి సముద్రం ఆకాశంలోకి ఎక్కింది. ఇసకలో కూలబడ్డాను.

"ఓలమ్మో, పెద్దసేప పడ్డాది!" అని అసిరమ్మ అరిచింది. ఒడ్డంతా నవ్వింది. సుజాత పరుగున వచ్చి నాడి చూసి, నీళ్లు తాగించి, రెండో సూది పొడిచింది. "నీ ఒంట్లో ఇప్పుడు ఎగిరే రవ్వలతో పొయ్యి వెలిగించొచ్చు, అగ్గిపెట్టె అక్కర్లేదు మావయ్యా. తాడు వదిలి నడిచే ఆ నడక విశ్రాంతి. దాన్నే ఎగ్గొట్టావు" అంది.

వల ఒడ్డెక్కింది. కవళ్లు, కానాగంతలు, రిబ్బనులా తళతళలాడే సావళ్లు, అన్ని రకాల చేపలూ. ఇసక మీద కుప్పలు పోశారు. మనిషికో కుప్ప. అసిరమ్మ ఒక కుప్ప ముందు నన్ను నిలబెట్టింది. "ఇది నీది."

"నేను పడిపోయాను కదమ్మా!"

"తాడట్టుకున్నావా నేదా?"

ఎర్రన్న నా కుప్పను చూశాడు, తన కుప్పను చూశాడు. రెండూ ఒకటే. ఆయన బోసినోటితో నవ్వి సుజాత ముందు చెయ్యి చాపాడు. "ఈడికే వాటా ఇచ్చీసినారు. నాదేటి తీసెస్తారు? పొడువమ్మా!"

రెండో వల సాయంత్రం ఉంది. అన్నాలు తిని, పడవల నీడలో ఒక నిద్ర తీసి లేచాక అందరూ ముందోసారి, వల లాగాక ఇంకోసారి రక్తం ఇచ్చారు. మధ్యాహ్నం అసిరమ్మ పెట్టిన చేపల పులుసు గురించి రాస్తే కోతలంటారు, రాయను.

చీకటి పడ్డాక బస్సెక్కాం. పెట్టె నా ఒళ్లో. పక్క సీటాయన అడిగాడు, "అందులోనేటి మావా?"

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. వల లాగే ముసలాయన రక్తం అని, ఆయన ఒళ్లు రవ్వల్ని ఎలా ఆర్పుకుంటుందో చూడబోతున్నామని, నా రక్తం కూడా ఆయన పక్కనే ఉందని.

ఆయన పగలబడి నవ్వాడు. "ఎంత బాగా అల్లీసినావు!"

నేను సాక్ష్యం కోసం సుజాత వైపు తిరిగాను. ఆమె కిటికీలోంచి చూస్తూ తాపీగా అంది, "మా మావయ్య మాటలు నమ్మకండి బాబాయ్."

విజయనగరం కాంప్లెక్స్‌లో సుజాత పెట్టె తీసుకుని స్కూటర్ మీద నేరుగా ల్యాబుకి పోయింది. నాకు చేపల సంచీ మిగిలింది. ఆటో ఆపుదామంటే చెయ్యి భుజం దాటి లేవలేదు. ఎర్రన్న నీళ్ల వైపు నడిచిన నడక గుర్తొచ్చింది. అలాగే, మెల్లగా, ఇంటికి నడిచాను.