సారమ్మ అంబాసిడర్ అమ్మిన తీరు

వరంగల్‌లో ఆ రోజుల్లో కారున్న ఇళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కారుండి సొంత ఇల్లు లేని మనిషి మాత్రం ఊరు మొత్తమ్మీద సారమ్మ ఒక్కతే.

ఆ కారు ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. భర్త కృపానందం మిల్లులో డ్రైవరు. మిల్లు ఆఫీసర్లు వాడి వదిలేసిన అంబాసిడర్‌ను వేలంలో పాడుకుని, అద్దె ఇంటి ముందు నిలబెట్టి, "ఇది మనకు రెండో బిడ్డ" అన్నాడు. మొదటి బిడ్డ విమల అప్పుడు మూడో తరగతి చదువుతోంది. పెళ్ళిళ్ళ కాలంలో కారును కిరాయికి తిప్పడం, మిగతా కాలమంతా తుడుచుకోవడం, ఇదీ ఆయన వరస. పెళ్ళాం చెప్పులు తెగి నెల రోజులైనా కంటికి ఆనేది కాదు గానీ బంపరు మీద దుమ్ము పడితే ప్రాణం గిలగిలలాడేది. ఎనభయ్యో సంవత్సరంలో గుండెపోటుతో పోయాడు. సారమ్మ నాలుగు రోజులు ఏడ్చి, కారుకు టార్పాలిన్ కప్పి, మిషను దవాఖానాలో తన నర్సు డ్యూటీకి తాను వెళ్ళిపోయింది. నెలకోసారి మరిది జయరాజు వచ్చి ఇంజను స్టార్టు చేసి, కాసేపు హారను కొట్టుకుని, టీ తాగి పోయేవాడు.

ఎనభై రెండు ఏప్రిల్ మొదట్లో ఇంటి ఓనరు సారంగపాణి ఓ కబురు మోసుకొచ్చాడు. ఇల్లు అమ్మేస్తున్నాడట. రెండు గదులు, పెంకుల కప్పు, వెనక బావి. ధర పద్దెనిమిది వేల అయిదొందలు.

"పన్నెండేండ్ల సంది ఉంటున్నవని ముందుగాల నిన్నే అడుగుతున్న సారమ్మా. ఈ నెలాఖరు దాక ఆగుత. ఆ తర్వాత పక్క బియ్యపాయనకు ఇచ్చేస్త. ఆయన గోదాం కట్టుకుంటడట" అన్నాడు.

గోదాం అన్న మాట సారమ్మ గుండెల్లో గుచ్చుకుంది. ఆ గదిలోనే విమల పెద్దమనిషయింది. ఆ వాకిట్లోనే కృపానందం శవపేటిక దించారు. అక్కడ బియ్యం బస్తాలు పేరుస్తారా? చేతిలో ఉన్నది నాలుగొందలు. అమ్మడానికి ఉన్నది ఒక్కటే, టార్పాలిన్ కింద నిద్రపోతున్న ఆ రెండో బిడ్డ.

మొదట వచ్చిన బేరగాడు నర్సంపేట పత్తి రైతు మొగిలయ్య. కారు కొని నర్సంపేట, వరంగల్ మధ్య కిరాయికి తిప్పాలని ఆయన ఆశ. పంచె ఎగగట్టి కారు కింద దూరాడు, బానెట్ ఎత్తి వాసన చూశాడు, నాలుగు టైర్లనూ కాలితో తన్నాడు. చివరికి, "పంతొమ్మిది వేలు సిస్టరమ్మా. ఒక్క పైస ఎక్కువ అడిగినా నాతోని కాదు" అన్నాడు. చెబుతానని పంపించింది సారమ్మ.

రెండు రోజులకే జయరాజు మరో బేరగాణ్ణి పట్టుకొచ్చాడు. హైదరాబాదులో కాంట్రాక్టరట, పేరు కిషన్ రావు. తెల్ల సఫారీ సూటు, చేతిలో తోలు సంచి. కారు చుట్టూ ఒక్కసారి తిరిగి, "ఎంతమ్మా?" అన్నాడు. సారమ్మ బెదురుతూ ఇరవై మూడు వేలంది. సరేనన్నాడు. బానెట్ ఎత్తలేదు, ఇంజను స్టార్టు చేయమనలేదు. శనివారం డబ్బుతో వస్తానని చెప్పి వెళ్ళాడు. జయరాజు కాళ్ళు నేల మీద నిలవలేదు. వదినెతో ఒక్క మాటైనా అనకుండా బస్సు కండక్టరుతో నర్సంపేటకు కబురు పెట్టాడు, కారు అమ్ముడుపోయిందని. మొగిలయ్య నుంచి తిరుగు కబురు వచ్చింది, అయితే సోమవారం కరీంనగర్ వెళ్ళి వేరే కారు చూసుకుంటానని. తొందరపాటుకు బహుమతులిచ్చే పోటీ ఉంటే జయరాజు ఇల్లు కప్పులతో నిండిపోయేది.

ఏప్రిల్ పదిహేడు, శనివారం. బ్యాంకులు పన్నెండింటికి మూతపడ్డాయి. కిషన్ రావు పన్నెండున్నరకు దిగాడు. తోలు సంచిలోంచి నోట్ల కట్టలు కాదు, ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇరవై మూడు వేలకు బ్యాంకు డ్రాఫ్టు తెచ్చానమ్మా. అంత నగదు పెట్టుకుని రైల్లో రాలేం గదా. కారు కాగితాలు, పేరు మార్పిడి ఫారాల మీద మీ సంతకాలు, తాళం చెవి ఇప్పించండి. రేపు పొద్దున్నే యాదగిరిగుట్టలో కారుకు పూజ. ముహూర్తం దాటిపోతుంది."

"డీడీ అంటే నగదే వదినె. బ్యాంకోడు ముందుగాల పైసలు పట్టుకునే రాసిస్తడు. ఫికర్ చెయ్యకు, సంతకం పెట్టు" అని జయరాజు పెన్ను మూత కూడా తీసి పట్టుకున్నాడు.

ఆ మాటలో తప్పు లేదు, డ్రాఫ్టు అసలుదైతే. అసలుదో కాదో చెప్పాల్సిన బ్యాంకు మాత్రం సోమవారం దాకా తెరవదు.

సారమ్మకు బ్యాంకు సంగతులు అంతంతమాత్రం. జీతం పడే పొదుపు ఖాతా తప్ప ఆమెకేమీ తెలియదు. తెలిసిన విద్య ఒకటే, మందు సీసా చదవడం. నర్సు ట్రైనింగులో మేట్రన్ దొరసాని నేర్పింది: సీసా తీసేటప్పుడు ఒకసారి, మందు పోసేటప్పుడు ఒకసారి, తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి, మూడుసార్లు చీటీ చదవాల్సిందే. ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేతికి ఏ కాగితం వచ్చినా మూడుసార్లు చదవకుండా కింద పెట్టదు. పెళ్ళి శుభలేఖలు కూడా అంతే. ఇంట్లో వాళ్ళకు అదో నవ్వులాట.

కళ్ళజోడు పెట్టుకుని డ్రాఫ్టు చేతిలోకి తీసుకుంది. మొదటిసారి తన పేరు చూసింది. సరిగ్గానే ఉంది. రెండోసారి మొత్తం చూసింది. అదీ సరిగ్గానే ఉంది. కిషన్ రావు గడియారం చూసుకున్నాడు. జయరాజు తల గోక్కున్నాడు. మూడోసారి పైనుంచి చదువుతూ తారీఖు దగ్గర ఆగింది. 9-4-1982.

"సారూ, ఇది ఎప్పుడు తీసిన్రు?"

"తారీఖు ఉంది కదమ్మా. తొమ్మిదిన. నేనే కౌంటరు దగ్గర నిలబడి తీయించాను. ఒకటే రష్షు."

"ఎన్ని గంటలకు?"

"పదకొండు, పన్నెండు మధ్య. ఎందుకు?"

సారమ్మ కళ్ళజోడు తీసింది. "తొమ్మిదో తారీఖు మంచి శుక్రవారం సారూ. మా ప్రభువును సిలువేసిన దినం. పన్నెండింటి నుంచి మూడింటి దాక నేను చర్చిలనే ఉన్న, సిలువ మీద ఆయన పలికిన ఏడు మాటలు ఇనుకుంట. ఆ రోజు ఏ బ్యాంకూ తెరువలే. మీకెవరు తెరిచిన్రు?"

కిషన్ రావు నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాలు దాటి పోలేదు.

"క్లర్కు తారీఖు తప్పు వేసినట్టున్నాడమ్మా. చేతి పొరపాటు."

"ఆ తారీఖున మీరే నిలబడి తీయించినమన్నరు గద, రష్షుల."

"ఇంత అనుమానమైతే ఎలాగమ్మా? పోనీ, ఇంకో రెండు వేలు నగదు ఇప్పుడే ఇస్తాను. ఇరవై అయిదు. సరేనా?"

అప్పటిదాకా సారమ్మకు ఉన్నది అనుమానమే. ఈ మాటతో అది బలపడింది. అనుమానించిన మనిషికి ఎవడైనా కోపంతో ధర తగ్గిస్తాడు గానీ పెంచుతాడా?

"రెండు వేలు వద్దు సారూ. సోమవారం పదింటికి బ్యాంకుకు రాండ్రి. మేనేజరు సారు చూసి మంచిదే అంటే, పైసలు నా ఖాతాల పడ్డంక, తాళం చెవి మీ చేతుల పెడత. జర ఓపిక పట్టుండ్రి" అంది.

కిషన్ రావు డ్రాఫ్టు లాక్కుని సంచిలో కుక్కుకుని, రిక్షా ఎక్కి స్టేషన్ దారి పట్టాడు. అతను మలుపు తిరగక ముందే సారమ్మ పెన్ను అందుకుని డ్రాఫ్టు నంబరు అరచేతిలో రాసుకుంది. మూడుసార్లు చదివిన నంబరు ఆమెకు అంత త్వరగా మరుపు రాదు.

జయరాజు మాత్రం భగ్గుమన్నాడు. "లక్ష్మి లాంటి బేరం కాలదన్నుకున్నవు వదినె! ఒక తారీఖు కోసం! ఆ నర్సంపేటాయన గూడ పోయె. ఇగ బియ్యం బస్తాల మీద పండుకుందువు గాని!"

సారమ్మకూ లోపల అదే దిగులు. ఒకవేళ నిజంగానే క్లర్కు పొరపాటయితే? నెలాఖరుకు పదమూడు రోజులే ఉంది. రెండు బేరాలూ చేజారితే కూతుర్ని తీసుకుని ఏ గదిలో తలదాచుకోవాలి? ఆ సాయంత్రం ఆమెకు అన్నం సహించలేదు. భయం వేసింది, నిజంగానే భయం వేసింది.

ఆదివారం చర్చి వదలగానే తెల్లచీర మార్చుకోకుండానే నర్సంపేట బస్సెక్కింది. మొగిలయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని, మరునాటి ప్రయాణానికి గడ్డం గీసుకుంటున్నాడు.

"మొగిలన్నా, నీ పంతొమ్మిది వేలకే కారు ఇస్త. కానీ పైసలు నా చేతికియ్యద్దు. రేపు బ్యాంకు కౌంటరు మీద కట్టాలె."

మొగిలయ్యకు రోషం పొడుచుకొచ్చింది. "ఏందక్కా, నావి దొంగ నోట్లా? పత్తి అమ్మి తెచ్చిన పైసలు. బ్యాంకుల నాకేం పని?"

"నీ మీద అనుమానం కాదన్నా. రేపు నేను పైసలు తీసుకుని కాగితాలియ్యకపోతే నువ్వేం చేస్తవు? అక్కడైతే పది మంది చూస్తరు. నువ్వు కట్టినవని ముద్ర పడుతది, అక్కడనే నేను సంతకం పెడత. ఇది నాకెంత భద్రమో నీకూ అంతే."

మొగిలయ్య సగం గడ్డంతోనే చాలాసేపు ఆలోచించాడు. తన వైపు నుంచి ఆలోచించిన అమ్మకందారు ఆయనకు ఇంతకుముందు తగల్లేదు.

"సరే, వస్త తియ్యి" అన్నాడు.

సోమవారం పది గంటలకు సారమ్మ, విమల, జయరాజు బ్యాంకు మెట్ల మీద ఉన్నారు. కిషన్ రావు జాడ లేదు. మేనేజరు డ్రాఫ్టు నంబరు రాసుకుని, దాని మీదున్న హైదరాబాదు బ్రాంచికి ట్రంకు కాల్ బుక్ చేశాడు. ముప్పావు గంటకు లైను కలిసింది. ఫోను పెట్టేసి ఆయన సారమ్మ వైపు చూసిన చూపు జయరాజు జన్మలో మరిచిపోడు.

"ఆ నంబరు డ్రాఫ్టు వాళ్ళు ఇవ్వనే లేదట సిస్టర్. కారు ఇచ్చుంటే మీ చేతిలో మిగిలేది ఉత్త కాగితం."

జయరాజు అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాడు. "తప్పయింది వదినె" అన్నాడు. పదేళ్ళలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. విమల నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగింది. పది రోజుల తర్వాత ఖమ్మంలో అదే డ్రాఫ్టుతో ఒక జీపు కొనబోతూ కిషన్ రావు పోలీసులకు దొరికాడు. పేరూ తారీఖూ దిద్దుకున్నాడు గానీ నంబరు దిద్దుకోవడం మరిచాడు, ఆ నంబరేమో అప్పటికే అన్ని బ్యాంకులకూ వెళ్ళిపోయింది.

ఆ సోమవారమే పదకొండున్నరకు మొగిలయ్య బ్యాంకుకు వచ్చాడు. తువ్వాల్లో కట్టుకొచ్చిన కట్టల్ని కౌంటరు మీద పెట్టాడు. క్యాషియరు లెక్కపెడుతూ ఒక వంద నోటు తీసి వెలుతురుకు పట్టి పక్కన పెట్టాడు. అది చెల్లదు. మొగిలయ్య మొహం మాడిపోయింది. పత్తి కొన్నవాడెవడో అంటగట్టాడు. బొడ్లోంచి మరో వంద తీసి కడుతూ, "నీ చేతికిచ్చి ఉంటె, రేపు నువ్వు నన్ను దొంగననేదానివి అక్కా" అన్నాడు.

"అననన్నా. కానీ అనుకునేదాన్ని" అంది సారమ్మ. క్యాషియరు కూడా నవ్వేశాడు.

ముద్ర పడిన చీటీ చేతికొచ్చింది. మూడుసార్లు చదివింది. ఈసారి ఆమెను ఎవరూ తొందరపెట్టలేదు. అమ్మినట్టు రెండు కాగితాలు రాసి ఇద్దరూ సంతకాలు చేశారు, తారీఖుతో పాటు గంట కూడా వేశారు. పేరు మార్పిడి ఫారాలు నింపారు. అప్పుడు తాళం చెవి మొగిలయ్య అరచేతిలో పడింది. కారు బయలుదేరి నర్సంపేట రోడ్డెక్కుతుంటే సారమ్మ కళ్ళు తడిసిన మాట నిజం. అయినా తల ఎత్తుకునే నిలబడింది.

ఆ తర్వాత ఆ పేటలో స్కూటరు అమ్మేవాళ్ళు, గేదెను అమ్మేవాళ్ళు కూడా సారమ్మను వెంటబెట్టుకుని బ్యాంకుకు పోవడం మొదలుపెట్టారు. అందరికంటే ముందు నిలబడి ఆమె గొప్ప చెప్పేది జయరాజే.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన ఇల్లు రిజిస్ట్రీ అయింది. అదే వారం చివర్లో పెద్ద గాలివాన పట్టుకుంది. వడగళ్ళకు పెంకులు పగిలి, సరిగ్గా మంచం మీదే ధార కట్టింది. విమల ఉలిక్కిపడి లేచి, "అమ్మా, ఇల్లు కురుస్తాంది! సారంగపాణి సారుకు చెప్పిరావాల్నా?" అంది.

సారమ్మ మంచం పక్కకు జరిపి, ధార కింద తపేలా పెట్టి, దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చాలా ఏళ్ళ తర్వాత పగలబడి నవ్వింది.

"ఆయనకెందుకు బిడ్డా? కురువనీ. ఇది మన ఇల్లు."