దగ్గుతో పట్టుకున్న తాళంచెవి

మా చెల్లెలి మొగుడిలా దగ్గగలిగినవాడు విశాఖ రేవు మొత్తంలో లేడు. బీడీ దగ్గు, బొగ్గు దగ్గు, అత్తారింటి గుమ్మం ముందు అల్లుడొచ్చాడని తెలిపే దగ్గు, ఏది కావాలంటే అది. అందుకే నా చేతి పరీక్షకి వాణ్ణే తోడు తీసుకెళ్లాను.

డెబ్బైల నాటి మాట. నేను ఓడల మీద వించి నడిపేవాణ్ణి. ఓడ కడుపులోంచి బస్తాల మోపును ఇనుపతాడుతో పైకి లాగి రేవు మీద దించే యంత్రం అది. ఈ చెల్లెలి మొగుడే, మా బావ, కింద ఓడ కడుపులో నిలబడి ఆ మోపులకు కొక్కెం తగిలించేవాడు. ఒకనాడు ఇనుపతాడు నా కుడిచేతిని నలిపేసింది. ఎముకలు అతుక్కున్నాయి, వేళ్లు వంగుతున్నాయి, స్పర్శ మాత్రం చచ్చిపోయింది. మళ్లీ వించి ఎక్కాలంటే చెయ్యి పనికొస్తుందని డాక్టరు తేల్చాలి. లేదంటే గేటు దగ్గర బల్లేసుకుని వచ్చేపోయే లారీల మొహాలు చూస్తూ కూర్చోవాలి. వించి డ్రైవరంటే రేవులో రాజా! ఆ బల్ల ఎక్కడం కంటే సముద్రంలో దూకడం నయమనిపించింది.

అంతకుముందు పరీక్షకెళ్లొచ్చిన ఒక కళాసీ గుట్టు విప్పాడు. కళ్లకు గంతలు కట్టి, చేతిలో తాళంచెవో గుండీయో గోళీయో పెడతారట, అదేంటో చెప్పాలట. ఇంకేం, ఒక దగ్గు తాళంచెవి, రెండు దగ్గులు గుండీ, గొంతు సవరిస్తే గోళీ అనుకుని మా అరుగు మీద సాధన మొదలెట్టాం. మధ్యలో ఏదో కాలిన వాసన.

"ఎవలింట్లోనో సేపలు కాలుత్తన్నారు బావా," అన్నాను నోరూరి.

బావ నా చేతికేసి చూశాడు. బీడీ చివరిదాకా వచ్చి నా వేలిని కాలుస్తోంది! నేను పడీపడీ నవ్వాను. వాడు లోపలికెళ్లి కొబ్బరినూనె తెచ్చి రాశాడు.

పరీక్ష రోజు కుర్ర డాక్టరు ముందు కళ్లు తెరిచి చేసేవి చేయించాడు. పూసలేరి గిన్నెలో వేశాను. దారం ముడేశాను. రబ్బరు బంతిని పిసికి పిప్పి చేశాను. "బాగుందే!" అన్నాడు. వాపును చూసి బలుపనుకునే రకం దొరికాడని లోలోపల మురిసిపోయాను. తర్వాత తువ్వాలు తీసి గంతలు కట్టాడు.

నా భుజం వెనకాల నిలబడ్డ బావ గొంతు సవరించాడు. "గోళీ అండి." రెండు దగ్గులు. "గుండీ అండి." డాక్టరు శభాషన్నాడు. గంతల కిందున్న నా కళ్లు నెత్తికెక్కాయి. ఒక దగ్గు.

"తాళంచెవండి. కాస్త తుప్పు కూడా పట్టింది," అన్నాను.

డాక్టరు తువ్వాలు విప్పాడు. నా అరచేతిలో ఏమీ లేదు. ఉత్త గాలిని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. నవ్వినా బాగుండేది, జాలిపడ్డాడు దరిద్రుడు. వించికి పనికిరాడని రాసి పంపేశాడు.

నా ఒళ్లు మండిపోయింది. ఆసుపత్రి మెట్ల మీదే బావ జబ్బ పట్టుకున్నాను.

"నీ దగ్గు తగలెయ్య! ఏటి బావా, ఇలాగ సేసీసినావు? నా సేతిలో ఏటీ నేదని కనబడ్నేదేటి నీకు? నన్ను తీసుకెళ్లి ఆ బల్ల మీద కూకోబెట్టీసినావు గదరా!"

"కనబడింది," అన్నాడు వాడు. "కనబడే దగ్గినాను."

"ఎందుకురా?"

"నువ్వు పైన వించి కాడ కూకుంటావు. నీ బస్తాల కింద నిలబడీది నాను. నీ సెయ్యి మీద నీకే నమ్మకముంటే, నన్ను దగ్గమని ఎందుకడుగుతావు బావా?"