ఎడమ పక్కకి వచ్చిన పేర్లు

డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం పలాసలో, ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబ్‌లో. రిపోర్టులు టైపు చేసి, ప్రింటు తీసి ఇవ్వడం పని. మాది ఉద్దానంలో ఒక ఊరు. పొద్దున్న నేనెక్కే బస్సులోనే మా చుట్టుపక్కలవాళ్ళు పరీక్షలకి వచ్చేవారు. అందరిదీ కిడ్నీ భయమే. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ అనే మాటని చదువురాని ముసలమ్మలు కూడా తడుముకోకుండా పలికేవారు.

రక్తం తీసి పరీక్షలు చేసే టెక్నీషియన్ నాకంటే బాగా పెద్దావిడ. అక్కా అని పిలిచేదాన్ని. మాట కటువు, నాకు కొంచెం బెరుకుగా ఉండేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా యజమాని పాత కంప్యూటర్ తీసేసి కొత్తది పెట్టించారు. పాతదాంట్లో తెరిచిన ప్రతి రిపోర్టుకీ తెర అడుగున టాస్క్‌బార్ అనే పట్టీలో ఒక గడి కనబడేది. కొత్తదాంట్లో రిపోర్టులు ఎక్కువయ్యేసరికి అన్నీ ఒకే గడిలోకి దూరిపోయేవి. దాన్ని నొక్కితే పేర్లు బయటికొచ్చేవి, ఒకటి ఎంచుకోగానే మిగతావి మళ్ళీ మాయం.

ఒకరోజు ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. ఇద్దరిదీ ఒకే పేరు, ఒకే ఇంటిపేరు. ఊళ్ళే వేరు. ఒకాయనకి అంతా బాగుంది, రెండో ఆయనకి బాగాలేదు. ఇద్దరి రిపోర్టులూ ఆ గడిలోనే ఉన్నాయి. ఒకటి తెరిచి, మూసి, ఇంకోటి తెరిచి, ఎవరి అంకెలు ఎవరి కాగితంలో పెట్టానో నాకే అనుమానం వచ్చేసింది. ప్రింటు కొట్టబోయి చెయ్యి ఆపేశాను.

"ఏటమ్మా, ఇంకా అవ్వనేదా? బస్సెల్లిపోతాది," అంది కౌంటరు దగ్గర రెండో ఆయన భార్య.

లేచి లోపలికి వెళ్ళాను. "అక్కా, ఏది ఎవరిదో నాకు తెల్డం నేదు. ప్రింటు కొట్టడానికి బయమేత్తంది," అన్నాను. తిడుతుందనే అనుకున్నాను.

అక్క గ్లవుజులు తీసేసి వచ్చింది. పేర్ల చీటీలు అంటించిన రక్తం సీసాలూ, తను అంకెలు రాసుకున్న పుస్తకమూ తెచ్చి, రెండు రిపోర్టులూ ఒక్కొక్క అంకె సరిచూసింది. "సరిగ్గానే కొట్టినావు. అడిగినావు, మంచి పని సేసినావు," అంది. రెండో ఆయన కాగితం తనే పట్టుకెళ్ళి, భార్యాభర్తలిద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి, విశాఖలో ఏ డాక్టరుకి చూపించాలో, ఏం అడగాలో నెమ్మదిగా చెప్పింది. ఆయన భార్య మరి బస్సు ఊసెత్తలేదు.

జనం పల్చబడ్డాక అక్క నా పక్కన కుర్చీ వేసుకుంది. "ఇలాగైతే రోజూ బయమే కదా. ఏటి సేత్తే ఇవి ఇడిపోతాయో సూద్దాం."

ఇద్దరికీ తెలియదు. టాస్క్‌బార్ మీద ఖాళీ చోట మౌస్ కుడి బటన్ నొక్కాం. వచ్చినవన్నీ చదివాం. ఒకే రకం గడుల్ని కలిపి ఉంచమనే చోట టిక్కు కనబడింది. తీసేస్తే గడులు విడిపోయాయి గాని, ఇరుకై పేర్లు సగంలో తెగిపోయాయి. అక్క టాస్క్‌బార్‌ని పైకి సాగదీయబోయింది. అది కాస్తా ఎగిరి తెరకి ఎడమ పక్కన నిలువుగా నిలబడింది!

"అమ్మో, ఏటైపోనాదే!" అంటూ వెనక్కి లాగబోయింది.

"ఉండక్కా, సూడు," అన్నాను. పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. అంచు పట్టుకుని వెడల్పు చేశాం. పేరూ, ఇంటిపేరూ, పక్కన ఊరూ, అన్నీ పూర్తిగా కనబడ్డాయి. ఇద్దరం నవ్వుకున్నాం.

సాయంత్రం యజమాని వచ్చి, "ఇదేటి, పక్కకి తిరిగిపోనాది?" అన్నారు.

"అలగే ఉంచీండి. పేర్లు తప్పిపోవు," అంది అక్క. అలాగే ఉండిపోయింది.

ఆ రెండో ఆయన చాలా ఏళ్ళు మందులతో నెట్టుకొచ్చారు. పరీక్షకి వచ్చినప్పుడల్లా అక్కనే అడిగేవారు. అక్క దగ్గరే నేనూ రక్తం తీయడం నేర్చుకున్నాను, తర్వాత టెక్నీషియన్ కోర్సు చదివాను. ఆ రోజు అక్క కసురుకుని ఉంటే మర్నాడు బస్సెక్కేదాన్ని కాదేమో. అక్క టెక్కలి వెళ్ళిపోయేటప్పుడు ఆ మాటే చెప్పాను.

"దానికేటే? నాకూ తెల్దు కదా, ఇద్దరం కలిసే ఎతికినాం," అంది. అని, నా తల మీద చెయ్యి వేసి కాసేపు తీయలేదు.