పక్క గదిలో విన్న శబ్దం

నేను చెప్పే కోతలు మోయడానికి ఈ చుట్టుపక్కల బోలెడుమంది ఉన్నారు. ఈ ఒక్కటి మాత్రం ఇన్నేళ్ళూ నేనే మోశాను. ఇవాళ మీ ముందు దించుతున్నాను. కాస్త చెయ్యేయండి.

అప్పుడు నేను ఆమదాలవలస దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మేష్టారిని. పక్క గదికి కొత్తగా సైన్సు మేష్టారు వచ్చారు. కుడిచెయ్యి మోచేతి దాకానే ఉండేది. గాజు గొట్టాన్ని స్టాండుకు బిగించి, అగ్గిపెట్టెను మోకాళ్ళ మధ్య ఇరికించి, ఎడమచేత్తో పుల్ల గీసేవారు. నా ఆల్జీబ్రాలో ఆవులించే పిల్లలు గంట కొట్టగానే ఆయన గదికి పరుగెత్తేవారు.

సాయంత్రం రైలు వచ్చేదాకా స్టేషను టీ దుకాణంలో కోతలు కోయడం మా రివాజు. ఎవరి కథనూ అబద్ధమనకూడదు. కావాలంటే పైన ఇంకొంచెం వేసి పంపాలి. ఓ సాయంత్రం, ఒంటిచేతి మేష్టారి ప్రయోగం పేలి పిల్లల కనుబొమ్మలు మాడిపోయాయన్నాను. విరగబడి నవ్వారు. కథ రైలెక్కి కోటబొమ్మాళి చేరేసరికి బడి కప్పు లేచిపోయింది. చంద్రుడి మీద మనిషి నడిచాడంటే నమ్మనివాళ్ళు కూడా ఇది నమ్మారు. ఎందుకు నమ్మరు? ఒంటిచేత్తో సైన్సేమిటని ముందునుంచీ అనుకుంటున్నదే కదా. నేనూ అలాగే అనుకున్నానా? లేక వట్టి అసూయేనా?

ఆ వారంలోనే ఒక రైతు హెడ్మాస్టరు గదిలోకి వచ్చాడు. నన్నూ పిలిచారు.

"ఏటి బాబూ, ఒంటిసెయ్యి మేష్టారు మా గుంటడి కనుబొమ్మలు కాల్సీసినాడంట!"

"మీవాడి కనుబొమ్మలు ఉన్నాయి కదయ్యా?" అన్నారు హెడ్మాస్టరు.

"ఉన్నాయి గానీ, రేపు కాల్సీయడని ఏటి నమ్మకం?"

నాకు నవ్వాగలేదు. హెడ్మాస్టరు నావైపు తిరిగారు. "పక్క గదిలోనే ఉంటారు కదా. ఏమైనా జరిగిందా?"

'నా కోతేనండీ' అంటే సరిపోయేది. కోతలరాయుడి నోట ఆ మాట వస్తుందా?

"ఏదో పెద్ద శబ్దమైతే వినిపించిందండీ" అన్నాను.

మర్నాటినుంచి ఆయనకు సోషలు ఇచ్చారు. సైన్సు నాకు అంటగట్టారు. రెండు చేతులూ ఉన్న నేను ఒక్క ప్రయోగమూ చేయలేదు. పుస్తకం చదివించి సరిపెట్టాను.

శబ్దం మాత్రం నిజం. కొసన నిప్పు మిగిలిన అగరుబత్తిని ఆయన ఆక్సిజన్‌లో పెట్టగానే భగ్గున వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను విన్నది ఆ చప్పట్లే. కిటికీలోంచి చూశాను కూడా. ఒక్క పిల్లవాడూ ఆయన చేతివైపు చూడటం లేదు. అందరి కళ్ళూ మంటమీదే.

బదిలీ అయి వెళ్ళేదాకా ఆయనకు సైన్సు తిరిగి ఇవ్వలేదు. నేను నోరు విప్పి ఉంటే ఇచ్చేవారు. విప్పలేదు. ఇప్పుడు విప్పాను. ఆయనకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. నాకే, ఈ పూట అన్నం కాస్త సహించేలా ఉంది.