అమెరికా పేపరు, ఏడు గంటల ఆరాధన

ముప్పై నాలుగేళ్ళ వయసులో నాకు దూరవిద్యలో రాజనీతి శాస్త్రం ఎం.ఏ. చదవాలని బుద్ధి పుట్టింది. ఒక్కటి తప్ప అన్ని పేపర్లూ పాసయ్యాను. ఆ ఒక్కటీ అమెరికా ప్రభుత్వం. అందులో లాబీయింగు మీద రెండుసార్లు ప్రశ్న వచ్చింది, రెండుసార్లూ తప్పాను. మూడోసారి కూడా తప్పితే గడువు తీరిపోతుంది, మొదటి సంవత్సరం నుంచి అన్నీ మళ్ళీ రాసుకోవాలి.

ఆ మూడో పరీక్ష ఆదివారం పడింది. కర్నూలులో, మధ్యాహ్నం రెండు గంటలకు. మాది కోయిలకుంట్ల దగ్గర పల్లె. పదిన్నర బస్సు ఎక్కితేనే అందుకోగలను. మా చర్చిలో ఆరాధన పదికి మొదలై ఒంటిగంట దాటాక ముగుస్తుంది. ఆదివారం ఆరాధన మానడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. పైగా కీబోర్డు వాయించేది నేనే. కాబట్టి ఆ ఒక్క వారం ఆరాధన ఏడు గంటలకే మొదలవ్వాలి.

వేరే ఎవరైనా అయితే మా పాస్టరు అయ్యగారి ఇంటికి పోయి, అయ్యా, నాకు పరీక్ష ఉంది అని చెప్పి వచ్చేవాళ్ళు. నేను పుస్తకం చదివినదాన్ని.

అమెరికాలో ఎవరూ ఒంటరిగా పోరట. వైద్యులకు ఒక సంఘం, తుపాకులు ఉన్నవాళ్ళకు ఒకటి, మొక్కజొన్న పండించేవాళ్ళకు ఒకటి, పింఛను తీసుకునే ముసలివాళ్ళకు కూడా ఒకటి. వాళ్ళ తరఫున మాట్లాడటానికి జీతానికి లాబీయిస్టులనే మనుషులుంటారు. ఈ మనుషులు ప్రభుత్వం దగ్గర పేర్లు నమోదు చేయించుకుని, కాంగ్రెసు సభ్యుల గదుల చుట్టూ తిరుగుతారు, ఎన్నికలకు చందాలు పోగుచేసి పెడతారు, ఊళ్ళలోని జనం చేత ఉత్తరాలు రాయిస్తారు, ఒక్కోసారి చట్టం ముసాయిదా కూడా వాళ్ళే రాసిస్తారు. కమిటీలోకి పోయిన బిల్లు చాలావరకు అక్కడే నిద్రపోతుంది. దాన్ని లేపేదీ వీళ్ళే, జోకొట్టేదీ వీళ్ళే.

ఇందులో నాకు కొత్తేమీ కనిపించలేదు. అంతా బైబిలు వాక్యంలో ఉన్నదే. కొడుకులిద్దరికీ ప్రభువు కుడిపక్క ఒక చోటు, ఎడమపక్క ఒక చోటు అడిగిన తల్లి ఉంది. ఒక జాతినే తుడిచిపెట్టే ఆజ్ఞ కోసం రాజుకు వెండి ఇవ్వజూపిన మంత్రి ఉన్నాడు. న్యాయాధిపతిని విసిగించి విసిగించి తీర్పు తెచ్చుకున్న విధవరాలు ఉంది. పదేళ్ళుగా ఆదివారం బడిలో ఈ కథలు చెబుతూనే పరీక్ష తప్పుతున్నాను.

పుస్తకంలో ఇంకొక మాట ఉంది. సొంత లాభం సంగతి ఎక్కడా బయటపడకూడదు, అడిగేదంతా ప్రజల మేలు కోసమే అన్నట్టు ఉండాలి. అందుకని పరీక్ష ముచ్చట ఇంటి బయట ఒక్కరితోనూ అనలేదు.

ముందు మా చర్చి స్త్రీల సమాజం దగ్గరికి పోయి ఎండల గురించి మాట్లాడాను. ఏడుకు మొదలైతే ముసలివాళ్ళకు ఎంత సుఖమో చెప్పాను. వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు, కాకపోతే ఆ వారం వాళ్ళ ప్రత్యేక పాట మూడు చరణాల నుంచి ఏడు చరణాలకు పెరగాలన్నారు. ఈ సంగతి చర్చి యౌవనస్థులకు తెలిసింది. ఏడు గంటలకు ఆరాధన అంటే తమ నిద్ర మీద దెబ్బ అని, పది గంటలు తాతల కాలం నాటి ఆచారమని వాళ్ళు ఎదురు జట్టు కట్టారు. వాళ్ళలో ఒక్కరూ ఇంతకుముందు పదికి వచ్చిన పాపాన పోలేదు.

నేను ఆదివారం బడి పిల్లల చేత అయ్యగారికి ఇరవై ఉత్తరాలు రాయించాను. ఇరవైలోనూ ఒకే మాట, ఆరాధన ఏడుకే మొదలవ్వాలని. ఒక పిల్ల మాత్రం చివర్లో తన సొంతంగా, చర్చికి ఊయల కూడా కావాలని చేర్చింది. తరువాత చర్చి సంఘ కార్యదర్శి ఇంటికి ఎన్నికల చందా లెక్కన పదిహేను నాటుకోడి గుడ్లు పంపాను. యౌవనస్థులు కోడినే పంపారు.

గురువారం చర్చి కమిటీ కూర్చుంది. స్త్రీల సమాజాన్ని నొప్పించకుండా ఆరాధన ఏడుకే మొదలవుతుంది. పది గంటల వాళ్ళకు అన్యాయం జరగకుండా ఎప్పటిలాగే ఒంటిగంటకే ముగుస్తుంది. నడుమ అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ. పాటకు ఏడు చరణాలు. కార్యదర్శి తన వంతుగా సంవత్సర నివేదిక చదువుతాననే మాట కూడా అందులో దూర్చుకున్నాడు. అన్నిటికంటే కింద, కీబోర్డు మొదటి నుంచి చివరిదాకా ఉండవలెను అని రాశారు. బిల్లు ఒక రూపంలో లోపలికి పోయి ఇంకో రూపంలో బయటికి వస్తుందని పుస్తకంలో ఉంది. ఇంటికి వచ్చి ఆ మాట కింద గీత గీశాను.

మా అవ్వ ఇంటి పంచలో శెనక్కాయలు ఒలుస్తూ వారమంతా నేను గట్టిగా చదివేది వింటూనే ఉంది. ఆ దేశంలో ఎవరైనా సరే ప్రభుత్వానికి మనవి చేసుకోవచ్చని రాజ్యాంగంలోనే రాసుకున్నారని ఆమెకు చెప్పాను.

"మనవి చేసుకునేదానికి ఇంతమంది చుట్టూ తిరిగేది యాల? లేసి అడిగితే అయిపోదా?" అంది.

అట్లా చేస్తే పని జరగదని, ఆమెకు రాజనీతి తెలియదని చెప్పాను. ఆమె నోట్లో ఒక శెనక్కాయ వేసుకుని ఇంకోటి ఒలిచింది.

ఆదివారం నేను హాల్‌టికెట్టు కీబోర్డు కింద పెట్టుకుని వాయించాను. ఏడు చరణాలూ వాయించాను. నివేదిక విన్నాను. ఉగ్గాని తిన్నాను. గడియారం తొమ్మిది ముప్పావు దాటింది.

మా చర్చిలో అయ్యగారు గంటన్నర వాక్యం చెప్పేముందు ప్రార్థన మనవులుంటాయి. ఎవరి బాధ వాళ్ళు లేచి చెప్పుకుంటారు, మోకాళ్ళ నొప్పి, నీళ్ళు పడని బోరు, ఈనబోయే బర్రె. అయ్యగారు కళ్ళు మూసుకుని ఆ మనవిని ఉన్నదున్నట్టు మళ్ళీ పలికి ప్రార్థిస్తారు, సంఘమంతా ఆమెన్ అంటుంది. ఆమెన్ పడ్డాక ఆ మాటను వెనక్కి తీసుకోవడం మాలో లేదు.

అవ్వ కట్టె పట్టుకుని లేచింది.

"మా మనవరాలికి ఈపొద్దు కర్నూల్లో పరీక్ష ఉండాది. పదిన్నర బస్సు పోతే ఇంగ లేదు. పాపని పంపిచ్చేటట్టు అయ్యగారి మనసునీ, కమిటీ పెద్దల మనసునీ దేవుడు మెత్తగా చేయాల."

అయ్యగారు అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని, ప్రభువా, నీ దాసుడనైన నా మనసును మెత్తగా చేయుము అని మొదలుపెట్టారు. సగంలో ఆయన గొంతు తడబడింది, అయినా ఆపలేదు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది స్త్రీల సమాజం. వాళ్ళ పాట ఎలాగూ అయిపోయింది.

ఆయన కళ్ళు తెరిచి నావైపు చూశారు. "ఇరవై ఉత్తరాలు వచ్చినాయి కదమ్మా. యాడా పరీక్ష మాట లేదే," అన్నారు. నేను కీబోర్డు కింది హాల్‌టికెట్టు బయటికి లాగాను. "పో, పో, బస్సు వస్తాది," అన్నారు.

కోడి పంపిన యౌవనస్థుల్లో ఒకడే నన్ను బండి మీద బస్టాండులో దింపాడు. దారంతా, అక్కా, ముందే చెప్పింటే మేమే ఏడుకు లేసేవాళ్ళం కదా అని సణుగుతూనే ఉన్నాడు.

పేపరులో మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. స్తోత్రం అనుకుని ఆరు పేజీలు రాశాను. కమిటీ గురించి, ఎదురు జట్టు గురించి, జనం చేత రాయించే ఉత్తరాల గురించి చూసినట్టే రాశాను, చూశాను కనుక. చివర చేయి తనంతట తానే ఆమెన్ అని రాసింది. కొట్టేయబోయి, ఆమెన్ పడిన మాట కదా అని ఉంచేశాను. పాసయ్యాను.

ఇప్పుడు మా సంఘంలో ఎవరికి ఏ పని కావాలన్నా ముందు మా పంచలోకే వస్తారు. తమలపాకులు తెస్తారు, కూర్చుని అవ్వతో పాటు శెనక్కాయలు ఒలుస్తారు, పోయేముందు అసలు సంగతి చెబుతారు. పోయిన వారం అయ్యగారే వచ్చారు. ఆయన ఇంటి కప్పు కారుతోంది, కమిటీ పట్టించుకోవడం లేదు. అవ్వ ఆయన చేతిలో రెండు గుప్పిళ్ళ శెనక్కాయలు పోసి, అవన్నీ ఒలిపించింది.

"ఆదివారం లేసి అడుగుతాలే అయ్యా," అంది చివరికి. "వాక్యం ఎంతసేపు చెప్తారు?"

అయ్యగారు ఆలోచించి, అరగంట అన్నారు.