గుడ్డ తీసే వేళ

మా షెడ్డులో పెద్దమ్మను ఎవరూ పేరు పెట్టి పిలవరు. నిదానమ్మ అంటారు. ఎక్కిరింపుగా మొదలైన పేరే, పదిహేడేళ్ళలో అరిగి అరిగి మర్యాదగా మారింది. కార్లు కడిగే షెడ్డు అది. పెద్ద రోడ్డు పక్కన, రేకుల కప్పు కింద మూడు కార్లు నిలిచే చోటు. నీళ్ళు కొట్టేవాళ్ళు ఇద్దరు, మ్యాట్లు ఉతికే ముసలాయన ఒకడు, పెద్దమ్మ, నేను. ఆవిడ మా అమ్మకు అక్క. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ మంచాన పడితే బడి మానేశాను. అమ్మ లేచి తిరిగేసరికి నా ఈడువాళ్ళు పై తరగతులకు వెళ్ళిపోయారు. మళ్ళీ వెళ్ళి చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గేసింది. కొన్నేళ్ళు ఇంట్లోనే ఉన్నాక, రెండేళ్ళ కిందట పెద్దమ్మ నన్ను షెడ్డుకి తీసుకొచ్చింది.

వానలు మొదలయ్యాక రోడ్డు మీద పురుగులు లేస్తాయి. కారు దీపాలకు ఎదురొచ్చి కొట్టుకుని చితికిపోతాయి. పొద్దున్నకి బంపరు, బానెట్టు అంచు, దీపాల అద్దాలు అన్నీ ఆవగింజలు చల్లినట్టుంటాయి. ఒక్కో గింజ చుట్టూ పసుపు మరక. ఎండ తగిలిందంటే ఆ మరక పెయింటుని తినేస్తుంది. తర్వాత కడిగినా దాని నీడ మిగిలిపోతుంది. అందుకని తొందరగా తీయాలి, కానీ తొందరపడి తీయకూడదు. ఆ రెంటి మధ్య ఉన్న సందులోనే పెద్దమ్మ ఇన్నేళ్ళూ పని చేసింది.

మొదటిరోజు ఆవిడ నాకు నేర్పిన పని, ఏ పనీ చేయకుండా కూర్చోవడం. షాంపూ కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి, పిండకుండా మరకల మీద పరిచి, పక్కన పీట మీద కూర్చోవాలి. ముట్టుకోకు, అదే దిగొస్తుంది అనేది. గుడ్డ ఆరుతుంటే మళ్ళీ తడపాలి. ఎప్పుడు తీయాలో తెలుసుకోవడానికి ఆవిడ గడియారం చూడదు. నిద్రపోతున్న పిల్లను చూసినట్టు ఓ మూల ఎత్తి చూసి, మళ్ళీ కప్పేస్తుంది. వేళ వచ్చిందనుకున్నప్పుడు బరువు వేయకుండా ఒకే వైపుకి లాగుతుంది. పురుగులన్నీ గుడ్డతోపాటే వచ్చేస్తాయి. నేను తీస్తే సగం కారుకే ఉండిపోతాయి.

ఆవిడ పుట్టుకతో నిదానం మనిషేం కాదు. పదిళ్ళలో గిన్నెలు తోమి వచ్చిన చెయ్యి అది. మాడిన గిన్నెనైనా అద్దంలా చేస్తుందని పేరుండేది. షెడ్డులో చేరిన మొదటి నెలలోనే ఒక మాస్టారి నీలం కారు వచ్చింది. మరకలు ఎంతకీ వదలకపోతే, గిన్నెలు తోమే పీచు తెచ్చి, ఇంట్లో తోమినట్టే గుండ్రంగా తోమేసింది. మరకలు పోయాయి. కారు ఎండలోకి తీసేసరికి బానెట్టు నిండా చుట్టలు చుట్టలుగా గీతలు. మాస్టారు ఆ చుట్టల మీద వేలు పెట్టి ఒకసారి తిప్పి, "చాలా శ్రద్ధగా తోమావమ్మా" అని వెళ్ళిపోయారట. తిట్టి ఉంటే నాలుగు రోజుల్లో మరిచిపోయేదాన్ని అంటుంది పెద్దమ్మ. ఆ కారు ఇప్పటికీ వస్తుంది, మాస్టారి కూతురు నడుపుతుంది. దాన్ని పెద్దమ్మ ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు.

కడగడం అయ్యాక కళ్ళు మూసుకుని వేళ్ళ కొసలతో పెయింటు నిమరడం ఆవిడ అలవాటు. నల్ల కారు మీద కంటికి కనబడనిది కూడా వేలికి తగులుతుంది. పోయిన ఏడు ఓ రోజు చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని నిమరడం చూశాను. అలా చేస్తే చిన్న గరుకు కూడా పెద్దగా తెలుస్తుందని చెప్పింది. నిజమే, నేనూ చేసి చూశాను. అది కొత్త కిటుకు అనుకున్నాను. కానీ కొన్నాళ్ళకి, నేను పైట చెంగుతో పట్టుకునే వేడి టీ గ్లాసును ఆవిడ ఉత్త చేత్తో పట్టుకుని కబుర్లు చెప్పడం గమనించాను. ఇంకో రోజు, ఆవిడ కడిగేశానన్న కారు బంపరు మీద ఒక రెక్క ఉండిపోయింది. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు వంగి గోటితో తీసేశాను. అది ఆవిడ చూసింది. ఇద్దరం ఏమీ అనుకోలేదు.

అనుకోకపోవడానికి కారణం ఉంది. పాత ఓనరు ఇంటిపట్టున ఉండిపోయాక ఆయన కొడుకు, మా చిన్న ఓనరు, వచ్చి ఒక్క నియమం పెట్టాడు. మరక మిగిలిన బండి బయటికి వెళ్తే, దాన్ని కడిగినవాళ్ళు ఇక పెయింటు ముట్టుకోవద్దు, మ్యాట్ల దగ్గరికి వెళ్ళాలి. జీతం తగ్గదు. కానీ పెయింటు తప్ప పెద్దమ్మకు వేరే విద్య లేదు. మ్యాట్ల ముసలాయన మాత్రం రోజూ పిలిచేవాడు, ఇక్కడ నీడ బాగుంటుంది రా వదినా అని. నీ నీడ నువ్వే కాచుకో అనేది ఈవిడ.

అప్పటినుంచి మా మధ్య ఒక పద్ధతి ఏర్పడింది. ఆవిడ నిమిరిన చోట, బకెట్ తీసే వంకతో నేనూ ఒకసారి నిమిరేదాన్ని. నున్నగా ఉంటే బకెట్ తీసుకుపోయేదాన్ని. లేకపోతే అక్కడే వదిలేసేదాన్ని. బకెట్ ఉందంటే పెద్దమ్మ మళ్ళీ గుడ్డ తడిపేది.

ఆ పొద్దున ఒక డాక్టరమ్మ గారి నల్ల కారు వచ్చింది. రాత్రంతా రోడ్డు మీదే ఉందట. ముందుభాగం అంతా పురుగులే. చిన్న ఓనరు పక్కనే నిలబడి, నన్ను అవతలి కారు అద్దాలు తుడవమన్నాడు. పెద్దమ్మ గుడ్డలు పరిచి కూర్చుంది. డ్రైవరు తాళాలు వేలికి తిప్పుతూ అటూ ఇటూ తిరిగాడు.

"ఏంటక్కా, పురుగుల్ని కడుగుతున్నావా, జోకొడుతున్నావా?"

"జోకొడితేనే వదులుతాయి తమ్ముడూ. గీకితే పగబడతాయి."

గుడ్డలు తీసింది, కడిగింది, తుడిచింది. కవరు తొడుక్కుని కళ్ళు మూసుకుని నిమిరింది. ఎప్పటికన్నా ఎక్కువసేపు నిమిరింది. చిన్న ఓనరు అయిందా అని అడిగాడు. అయింది అంటే చాలు, బండి వెళ్ళిపోతుంది. నేను అవతలి కారు దగ్గర గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బకెట్ వంకతో వెళ్దామంటే చిన్న ఓనరు అక్కడే ఉన్నాడు.

పెద్దమ్మ కళ్ళు తెరిచింది. కవరు విప్పి, నాలుగు మడతలు పెట్టి, బొడ్లో దోపుకుంది.

"అమ్మాయ్, ఇలా రా. నా వేళ్ళకి తెలియడం లేదు. నువ్వు చూసి చెప్పు."

నీళ్ళు కొట్టేవాళ్ళు ఆపేశారు. నేను వెళ్ళి నిమిరాను. అంతా గాజులా ఉంది. దీపం కింద, వంపు తిరిగే చోట మాత్రం రెండు గింజలు. డ్రైవరు చూడడు, ఓనరుకి తెలియదు. అయింది అనేయవచ్చు. పెద్దమ్మ నా మొహంలోకి చూస్తోంది, గుడ్డ మూల ఎత్తి చూసినట్టే.

"ఇంకా ఉన్నాయి," అన్నాను. "దీపం కింద. రెండు."

ఆవిడ తలూపి, గుడ్డ తడిపి వేసి, మళ్ళీ పీట మీద కూర్చుంది. చిన్న ఓనరు ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు. పోయిన వానల నుంచి అని చెప్పింది. అతను కోప్పడలేదు. రేపటి నుంచి అమ్మాయి పెయింటు చూసుకుంటుంది, మీరు మ్యాట్ల దగ్గర కూర్చోండి అన్నాడు.

రెండేళ్ళలో నేను అతనితో తలూపడం తప్ప మాట్లాడింది లేదు. నేల చూస్తూనే అన్నాను.

"గుడ్డ ఎప్పుడు తీయాలో నాకు తెలియదండీ."

"నేర్చుకుంటావులే."

"రెండేళ్ళుగా నేర్చుకుంటున్నానండీ. ఒక్కసారి కూడా సరిగ్గా తీయలేదు. అది ఆవిడకే తెలుసు."

వెనక నుంచి మ్యాట్ల ముసలాయన అందుకున్నాడు. "నాకు మాత్రం తోడొద్దు బాబూ. ఆవిడొచ్చిందంటే మ్యాట్లు కూడా పొద్దుగూకేదాకా నానబెట్టుకుని కూర్చుంటుంది."

డ్రైవరు కూడా నవ్వాడు. చిన్న ఓనరు నవ్వు ఆపుకుని, వానలు వెళ్ళేదాకా ఇద్దరూ ఒకే బండి మీద ఉండండి, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ తర్వాత ఏమిటో మాకు ఇంకా తెలియదు.

పెద్దమ్మ గుడ్డ తీసింది. నేను నిమిరి, అయింది అన్నాను. నల్ల కారు వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్ళేటప్పుడు వీధి మలుపులో ఆవిడ, రెండేనా అని అడిగింది. రెండే అన్నాను. ఇదివరకు ఒక్కటి కూడా ఉండేది కాదంది.

ఆ తర్వాతి వారం మాస్టారి నీలం కారు వచ్చింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బానెట్టు మీద పెట్టింది. గీతలు ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి అని చెప్పాను, సన్నగా, చుట్టలు చుట్టలుగా. అక్కడ పురుగు ఒక్కటీ లేదు. అయినా ఆవిడ గుడ్డ తడిపి, ఆ చుట్టల మీద కూడా పరిచి, పీట మీద కూర్చుంది. నేనూ పక్కనే కూర్చున్నాను. ముట్టుకోలేదు.